పంచేసిన డ్రైవ్

కుప్ప ఖాళీ అయ్యేదాకా చేతులు కడుక్కోకూడదన్నది లెపెకా తండ్రి పెట్టుకున్న నియమం. ఆయన పేరు ఫెలేటి. ఊరి పంపకం ఆయన చేతుల మీదే జరిగేది. పడవలు తూర చేపలతో ఒడ్డుకొచ్చాయంటే, పట్టినవాడు ఎవడైనా సరే, చేపలన్నీ ఇసుక మీద ఒకే కుప్పగా పడాలి. ఆయన వంగి, ఇంటింటికీ ఒక పాలు చొప్పున పెట్టుకుంటూ పోయేవాడు. పక్కన నిలబడి ఏ ఇల్లో, ఆ ఇంట్లో ఎంతమందో చదవడం కూతురి పని. ఆఖరి చేప ఆఖరి పాలులో పడి, ఇసుక మీద తడి మాత్రమే మిగిలాక, అప్పుడు నడుం ఎత్తి సముద్రంలో చేతులు కడుక్కునేవాడు. కుప్పలో ఒక్క చేప మిగిలిందంటే ఎవరింట్లోనో పళ్ళెం వెలితి పడ్డట్టే. నడిసముద్రంలో ఉన్న టోకెలావు మూడు దీవుల్లో ఎక్కడైనా ఇది తలవంపుల కిందే లెక్క.

ఆయన పోయి ఆరేళ్ళయింది. చేపలు పంచే చేతులు మారాయి. జాబితా చదివే గొంతు మాత్రం లెపెకాదే.

మంగళవారం మధ్యాహ్నం ఊరి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, జెడ్ డ్రైవ్‌లో మిగిలిన చివరి ఫొటోను చివరి పెన్‌డ్రైవ్‌లోకి మార్చింది. తెర మీద 'ఈ ఫోల్డర్ ఖాళీగా ఉంది' అన్న మాట కనబడగానే ఆమె ప్రాణం కుదుటపడింది. లేచి, ఆఫీసు వెనకున్న వాననీళ్ళ ట్యాంకు దగ్గరికెళ్ళి, కుళాయి కింద చేతులు పెట్టింది. రక్తం లేదు, పొలుసు లేదు. అయినా మోచేతుల దాకా కడుక్కుంది.

రెండు రోజుల చాకిరీ అది. నర్సు సలోమే ముప్ఫై ఏళ్ళపాటు తీసిన ఫొటోలవి. సూదిమందు వెయ్యడానికి ఏ ఇంటికెళ్ళినా ఆవిడ భుజాన కెమెరా వేలాడుతూ ఉండేది. ఆవిడ పోయాక ఆల్బమ్‌లు న్యూజిలాండ్‌లో పొరిరువా చేరాయి. చెమ్మకి ఒకదానికొకటి అతుక్కుపోయినవాటిని అక్కడున్న మనవాళ్ళు గోటితో విడదీసి, స్కాన్ చేసి, క్లౌడ్‌లోకి ఎక్కించారు. పోయిన నెలలో ఆఫీసు మేనేజర్ కలోలో ఆ క్లౌడ్‌ని ఇక్కడి కంప్యూటర్‌కి తగిలించాడు. పన్నెండేళ్ళు ఆక్లండ్‌లో ఉండొచ్చిన మనిషి, వరసకి లెపెకాకి తమ్ముడవుతాడు. ఎంత ఉక్కపోసినా పైగుండీ విప్పడు.

"ఇదిగోనక్కా, సీ డ్రైవ్, డీ డ్రైవ్, దాని కింద జెడ్. నీ డీ డ్రైవ్ ఎట్లాగో ఇదీ అంతే. తెరువు, లాగు, పెట్టు. తేడా ఏం లేదు."

"తేడా లేకపోతే మళ్ళీ ఇదొకటి ఎందుకురా?"

"నీతో వాదించే ఓపిక లేదే తల్లీ," అని వెళ్ళిపోయాడు. తేడా ఏదైనా ఉంటే చెప్పాల్సిన సమయం సరిగ్గా అదే.

మొన్నటి ఓడలో పొరిరువా నుంచి పెన్‌డ్రైవ్‌ల పెట్టె వచ్చింది. 'ఇంటికొకటి, ఎవరి ఫొటోలు వాళ్ళకి' అని పైన రాసి ఉంది. ఇంటికొకటి అంటే పంపకం. పంపకమంటే ఎట్లాగో లెపెకాకి ఎవరూ నేర్పక్కర్లేదు. చాప పరిచి పెన్‌డ్రైవ్‌లని జాబితా వరసలో పేర్చింది. ఒక్కో ఫొటో తెరిచి, అందులో ఉన్నది ఎవరి అమ్మమ్మో ఎవరి మేనమామో పోల్చుకుని, కట్ చేసి, ఆ ఇంటి పెన్‌డ్రైవ్‌లో పెట్టింది. పెళ్ళి ఫొటో పెళ్ళికూతురి ఇంటికి. క్రికెట్ ఫొటో బ్యాటు పట్టుకున్నవాడి ఇంటికి. ఒక ఫొటోలో మనుషులెవరూ లేరు, పంది ఒకటి నిలబడి ఉంది. చెవి గాటు చూసి దాన్ని కూడా పోల్చింది.

కాపీ అనే పని ఒకటుందని ఆమెకి తెలియక కాదు. కాపీ చేస్తే కుప్ప కుప్పలాగే ఉంటుంది. పంచిన తర్వాత కూడా కుప్ప కదలకుండా ఉందంటే అదేం పంపకం? పొరిరువా వాళ్ళ పాలు పొరిరువాలో ఉంది, ఇది మన పాలు. ఆమె లెక్క అంతే.

పంచేవాడి ఇల్లు అన్నిటికంటే ఆఖరు. లెపెకా పాలికి మూడు వచ్చాయి: వంటపాక కప్పు, తల్లి చేమదుంపల గోతిలో దిగి ఉండగా తీసిన నడుం పై భాగం, ఎండుతున్న గుడ్డలు. తండ్రి దొరుకుతాడేమోనని రెండు రోజులూ ప్రతి ఫొటోలో వెతికింది. చేపల పంపకాలు సలోమే ఎన్నో తీసింది. అన్నిట్లోనూ తట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు, తూర తోకలు, నవ్వులు. వంగి ఉన్నవాడికి మాత్రం ఎవరో ఒకరు అడ్డంగానే ఉన్నారు. ఒక ఫొటోలో ఆయన చెయ్యి, చేతిలో చేప కనబడ్డాయి. ఆ చేప అందుకుంటున్నది మెలే పిన్ని. కాబట్టి అది మెలే పిన్ని వాళ్ళదే. ఆమె ఒక్క నిమిషం చూసుకుని, కట్ చేసి, వాళ్ళ పాలులో పెట్టేసింది.  పాలు పాలే కదా.

ఎండ వాలగానే ఆఫీసు మెట్ల మీద నిలబడి జాబితా చదివింది. ఒక్కో ఇంటి నుంచి ఒక్కరు వచ్చి అందుకున్నారు.

"ఇంతేనా?" అంది కలోలో తల్లి మెలే, పెన్‌డ్రైవ్‌ని అరచేతిలో తూచి చూస్తూ. "ముల్లు తియ్యాలా, అట్లాగే తినాలా?"

"టీవీకి పెట్టి చూడు పిన్నీ. నువ్వు సన్నగా ఉన్న రోజులున్నాయి అందులో."

"అయితే మా ఇంట్లో ఎవరూ నమ్మరులే," అంటూ దాన్ని కొంగున ముడేసుకుంది.

*

బుధవారం పొద్దున్నే పొరిరువా నుంచి ఫోనొచ్చింది. మాట్లాడుతున్నది చిన్నాన్న కూతురు హీనా.

"ఒసేయ్ లెపెకా, ఫొటోలేవే?"

"ఇచ్చేశాను."

"ఎవరికిచ్చావు?"

"ఎవరివి వాళ్ళకే. మీరేగా రాశారు పెట్టె మీద."

"అది కాదే, ఇక్కడ మా కంప్యూటర్లో ఏమీ లేవు. మొన్నటి నుంచీ ఒక్కొక్కటే మాయమవుతూ వచ్చాయి. మేమంతా కూర్చుని చూస్తున్నాం. దెయ్యం పట్టిందనుకుంది అత్తయ్య. ఆదివారం హాల్లో గోడ మీద వెయ్యాలి. మూడొందల మందిని పిలిచామే!"

"మీ పాలు మీ దగ్గరుంటుంది కదా హీనా."

 హీనా గొంతు తగ్గించి అంది. "మా పాలు, మీ పాలు అని రెండు లేవే. అదే కుప్ప. మాకూ జెడ్ అనే కనబడుతుంది. అపియా పట్నంలో ఉన్న మనవాళ్ళకీ అంతే. మూడు చోట్ల నుంచి చూస్తున్నా ఉన్నది ఒక్కటే."

లెపెకా తెరకేసి చూసింది. "మరి విడిగా దాచలేదా?"

"మా కంప్యూటర్లోనే కనబడుతుంటే మళ్ళీ దాచడం దేనికనుకున్నాం. స్కాన్ చేసిన పాత కంప్యూటర్ ఎప్పుడో పారేశాం. ఆల్బమ్‌లా, అవి చేతిలోనే పొడైపోయాయి."

పోనీ అపియా వాళ్ళని అడిగితే, పొరిరువాలో ఉంటాయనుకున్నాం అన్నారు. ఎవరి తెర మీద వాళ్ళకి సొంత సొమ్ములా కనబడింది. అందుకే ఎవరూ దాచలేదు.

కలోలో పరుగున వచ్చాడు. మౌస్ లాక్కుని అటూ ఇటూ నొక్కాడు.

"చెత్తబుట్టలో ఉంటుందేమో చూడరా," అంది లెపెకా.

"ఇట్లా తగిలించిన డ్రైవ్‌కి చెత్తబుట్ట ఉండదక్కా. తీసేస్తే తీసేసినట్టే." అతని చెవులు ఎర్రబడ్డాయి. "సాయంత్రంలోగా పెన్‌డ్రైవ్‌లన్నీ తెచ్చి ఇమ్మని చాటించు. నీ గొంతుతోనే చెప్పు."

"చెప్పను."

"ఏంటీ?"

"ఇచ్చిన పాలు వెనక్కి అడగడం మా ఇంటా వంటా లేదు. పుచ్చుకుని వెళ్ళినామెని పిలిచి, తట్టలోంచి చేప తియ్యమంటావా? నాన్న ఉండుంటే..."

"ఇది చేప కాదు!" కలోలో గట్టిగా అరిచాడు. అరుగు మీద పిండి బస్తాలకోసం కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పారు. వాళ్ళు చూస్తున్నారని అతను ఇంకా గొంతు పెంచాడు. "నేను స్పష్టంగా చెప్పాను. జెడ్ డ్రైవ్ అందరిదీ, చెయ్యి పెట్టొద్దని చెప్పాను. వినలేదు. ముప్ఫై ఏళ్ళ ఊరి చరిత్ర రెండ్రోజుల్లో ఊడ్చిపెట్టేసింది."

అతను ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. తేడా లేదన్నాడు, అంతే.  మేనేజరు మాటకి తన మాట అడ్డం పెడితే నమ్మేదెవరు? లెపెకా జాబితా పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టింది. దారిలో మూడో ఇంటి ముందు ఆగిపోయింది. లోపల టీవీలో క్రికెట్ ఆట నడుస్తోంది. టీవీకి గుచ్చి ఉన్నది నిన్నటి పెన్‌డ్రైవే.

"లెపెకా, రా, రా!" అన్నాడు ఇంటాయన. "ఇందులో చాలా చోటుందే. పాతవి తీసేసి ఆట ఎక్కించా. మా నాన్న మొహం నాకు గుర్తే కదా, ఫొటోలో చూడాలా?"

 ఎవరి పాలు వాళ్ళిష్టం. వండుకోవచ్చు, ఎండబెట్టుకోవచ్చు, కుక్కకి వెయ్యొచ్చు. నాలుగు రోజులాగితే ఎన్ని ఇళ్ళలో ఎన్ని మొహాలు పోతాయో.

*

గురువారం పెద్దలు కూర్చున్నారు. కలోలో కాయితం మీద రాసుకొచ్చి చదివాడు. ఇక మీదట జెడ్ డ్రైవ్ తాళం పొరిరువాలో ఉండాలి. ఇక్కడి కంప్యూటర్ చూడ్డానికి తప్ప మార్చడానికి పనికి రాకూడదు. ఊరి జాబితా కూడా ఆఫీసుకి అప్పగించాలి. చదవడం అయిపోయాక కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

పెద్దల్లో పెద్ద తోవియో తాత. గుమ్మం దగ్గర చాప మీద కాళ్ళు చాపుకుని కొబ్బరి పీచు తాడు పేనుతున్నాడు. పేనుతూనే అడిగాడు. "ఏమ్మా లెపెకా?"

"పంచింది నేనే తాతా. తప్పు నాది. కానీ చెయ్యి పెట్టొద్దని ఎవరూ చెప్పలేదు. నీ సొంత డ్రైవ్ లాంటిదే, తేడా లేదన్నాడు."

"అన్నావట్రా?"

కలోలో గొంతు సవరించుకున్నాడు. "అర్థం కావడానికని... మాటవరసకి అన్నాను తాతా."

"మాటవరసకి." తోవియో తొడ మీద పీచు ఒకసారి పేనాడు. "సరే. ఇప్పుడు ఏం చేద్దాం? వెనక్కి అడుగుదామా?"

లోపల చాలామంది తలలు వంచుకున్నారు. అడగాలని అందరికీ ఉంది. అడుగుదామని చెప్పే నోరు ఒక్కరికీ లేదు. లెపెకా గోడవైపు చూస్తూ కూర్చుంది. తండ్రి అయితే ఏం చేసేవాడు? వెనక్కి అడిగేవాడు కాదు. అంతవరకు తెలుసు. ఆ తర్వాత? విందుకి చేప చాలకపోతే ఆయన ఎవరి తట్టలోకీ తొంగి చూసేవాడు కాదు. పెద్దల దగ్గరికెళ్ళి, పడవలు దింపమనేవాడు.

"తాతా," అంది.  "వేటకి చాటించండి."

"దేనికి?"

"ఫొటోల వేటకి. ఇచ్చినవి తెమ్మని కాదు. ప్రతి ఇల్లూ తన ఇంట్లోనే వెతకాలి. ఫోన్లలో, పెట్టెల్లో, బైబిలు అట్టల మధ్యలో, పెన్‌డ్రైవ్‌లో, ఎక్కడ ఏది దొరికితే అది. కొత్త వేట, కొత్త కుప్ప. ఎవరు ఎక్కడ పట్టారని నేను అడగను. చేపకి అడుగుతామా ఏంటి?"

 తోవియో పళ్ళు లేని నోటితో నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. "ఫెలేటి కూతురే! మరి వలలో ఏమీ పడకపోతే?"

"శనివారం సాయంత్రానికి కుప్ప లేకపోతే తాళం పొరిరువాకి ఇచ్చెయ్యండి. జాబితా నేనే తెచ్చి వీడి బల్ల మీద పెడతాను."

 జాబితా పుస్తకం అట్ట మీద తండ్రి వేలిముద్రలు చేప నూనెతో మరకలు కట్టి ఉన్నాయి. అది ఇంకొకరి బల్ల మీద ఉండటం ఆమె ఊహకి కూడా అందలేదు.

*

శుక్రవారం ఉదయం ఎవరూ రాలేదు. లెపెకా ఆఫీసులో చాప పరిచి, కంప్యూటర్ తెరిచి, ఖాళీ ఫోల్డర్‌కి ఎదురుగా కూర్చుంది. ఎదురు బల్ల దగ్గర కలోలో ఏదో రాసుకుంటూ అప్పుడప్పుడూ గడియారం చూస్తున్నాడు. గెలుస్తున్నవాడి మొహం కాదది. అతనికీ ఏమీ తోచడం లేదు. తొమ్మిదయింది, పదయింది. పక్కనున్న రొట్టెపండు చెట్టు మీంచి ఒక కాయ రాలి రేకు మీద పడితే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

పదకొండు గంటలకి మెలే వచ్చింది. చంకలో తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా ఉంది.

"వేటకెళ్ళొచ్చానే," అంటూ చాప మీద చతికిలపడింది. "సముద్రం మీదికి కాదులే, మంచం కిందికి. ఏరా, అట్లా చూస్తావేంటి? ఇదీ చేపే. రాసుకో."

మూత రాకపోతే కలోలో లేచొచ్చి గోళ్ళతో పీకి తీశాడు. లోపల కొంగుముడిలోంచి దిగిన పెన్‌డ్రైవ్ ఉంది. దాని కింద ఫొటోలు ఉన్నాయి, కాగితం ఫొటోలు. ఫొటో బాగా వస్తే సలోమే అందులో ఉన్నవాళ్ళకి ఒకటి ఇచ్చేదట. మెలే ఒక్కొక్కటే తీసి చాప మీద పెడుతోంది. "ఇది మా అత్త. ఇది ఈ వెధవ, మూడేళ్ళప్పుడు, బట్టల్లేకుండా. గోడ మీద పెద్దగా వెయ్యండి."

"అమ్మా!"

"ఇదిగో, ఇందులో నేనున్నాను. ఈ మూల, తట్ట పట్టుకుని. ఆలస్యంగా వెళ్ళానని తిట్టుకుంటూ పోతున్నా ఆ రోజు."

లెపెకా ఆ ఫొటో అందుకుంది. మూలన తట్టతో మెలే ఉన్న మాట నిజమే, సన్నగానే ఉంది. ఫొటో నడుమ ఖాళీ ఇసుక. దానవతల మోకాళ్ళ లోతు నీళ్ళలో ఒక మనిషి నిటారుగా నిలబడి చేతులు కడుక్కుంటున్నాడు. తల ఎత్తి నేరుగా కెమెరాకేసి చూస్తున్నాడు. అలసిపోయి ఉన్నాడు, నవ్వుతున్నాడు. పని అయిపోయిందన్న నవ్వు అది.

అప్పటికి ఆయన వయసు ఇప్పటి లెపెకా వయసే ఉంటుంది. ఆమె ఏడ్చింది. మాట్లాడకుండా, కళ్ళు తుడుచుకోకుండా, ఫొటో తడవకుండా దూరంగా పట్టుకుని ఏడ్చింది.

"నీకెప్పుడో ఇవ్వాల్సింది," అంది మెలే. "నాకు నేను కనబడ్డానే తప్ప, ఆయన్ని చూడనేలేదే. ఏమనుకోకు."

కలోలో ఆ ఫొటోని తీసుకుని, చొక్కా అంచుతో దుమ్ము తుడిచి, స్కానర్ అద్దం మీద పెట్టాడు. ముందు అంచులు సరిచేశాడు, తర్వాత ఇంకోసారి సరిచేశాడు. వెలుతురు గీత అటు నుంచి ఇటు నడిచింది. ఖాళీగా ఉన్న జెడ్ డ్రైవ్‌లో మొదటి చేప పడింది.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది. "ఏదో వచ్చిందే!" హీనా అరుస్తోంది. "నీళ్ళలో ఎవరో... ఒసేయ్, పెదనాన్నే కదే?"

మెలే వచ్చి వెళ్ళిందన్న సంగతి ఊళ్ళో ఎంతసేపు దాగుతుంది? మధ్యాహ్నానికి ఇద్దరు వచ్చారు, తర్వాత అయిదుగురు, శనివారం పొద్దున్నకి అరుగు నిండిపోయింది. పెన్‌డ్రైవ్‌లు తెచ్చారు. నేను అడక్కుండానే తెచ్చారని లెపెకా మనసులో పదిసార్లు అనుకుంది. పెన్‌డ్రైవ్‌లతో ఆగలేదు కూడా. పగిలిన ఫోన్లు, గుర్తింపు కార్డులు, దుప్పటి మడతల్లో పెట్టుకున్న పెళ్ళి ఫొటోలు వచ్చాయి. ఒక ముసలామె పాట తెచ్చానని చెప్పి, ఫోన్ ముందు కూర్చుని పాడింది. ఎవరైనా 'ఇది నువ్విచ్చిందే' అనబోతే లెపెకా చెవులు మూసుకునేది. "ఎక్కడ పట్టావో నాకు చెప్పకు. కుప్పలో వెయ్యి."

క్రికెట్ ఆట ఎక్కించినాయన శనివారం ఉత్త చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతని పాలులో పదకొండు ఫొటోలుండేవి. అవి ఇక రావు. "మా నాన్న మొహం గుర్తే అన్నాను కదే," అన్నాడు. "నిన్నటి నుంచి తలుచుకుంటున్నా. ముక్కు దగ్గరే తేలడం లేదు." లెపెకా అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని కొత్త కుప్పలో వెతికింది. వేరే ఇంటి క్రికెట్ ఫొటోలో, బ్యాటు పట్టుకున్నవాడి వెనక, వికెట్ల దగ్గర వంగి నిలబడినవాడు ఆయనే. అతను తెరకి మొహం ఆనించి చూశాడు. "పంది ముక్కే," అని నవ్వాడు, కళ్ళు ఒత్తుకున్నాడు.

సాయంత్రానికి పాత కుప్పకి మూడింతలు పోగయ్యాయి. తోవియో తాత కర్ర పొడుచుకుంటూ వచ్చి, తెరకేసి చూసి, తాళం మాట ఎత్తలేదు. లెపెకా ఒళ్ళో ఉన్న పుస్తకాన్ని కర్రతో చూపించి, "చెమ్మ తగలనివ్వకమ్మా," అనేసి వెళ్ళిపోయాడు.

కలోలో అప్పటికి రెండు గుండీలు విప్పేశాడు. స్కానర్ మూత వేసి, లెపెకా పక్కకొచ్చి నిలబడ్డాడు. నిలబడ్డం కూడా రాని వాడిలా కాళ్ళు మార్చుకున్నాడు.

"తేడా ఉందక్కా," అన్నాడు చివరికి. "లేదని చెప్పాను. చెప్పానని మళ్ళీ అబద్ధమాడాను, అందరి ముందు. రేపు చర్చి దగ్గర అందరి ముందే చెప్తాను."

"చెబుదువుగానిలే. ముందు ఆ పెన్‌డ్రైవ్‌లు వరసలో పెట్టు."

పంపకం మొదలైంది. లెపెకా జాబితా చదువుతూ మొదటి ఇంటివి ఎంచింది. మౌస్ అలవాటుగా కట్ మీదికి వెళ్ళి ఆగింది. ఊపిరి పీల్చుకుని కాపీ నొక్కింది. పెళ్ళి ఫొటో పెళ్ళికూతురి ఇంటికీ వెళ్ళింది, పెళ్ళికొడుకు ఇంటికీ వెళ్ళింది, వెనక నిలబడి ఆవులిస్తున్నవాడి ఇంటికీ వెళ్ళింది. ఎవరినీ కోయాల్సిన పని లేకపోయింది. ఇల్లిల్లూ అయిపోయి, అందరికంటే ఆఖరున తన ఇంటి పేరు తనే చదువుకుంది. నీళ్ళలో నిలబడ్డ తండ్రి ఆమె పాలులోకి వచ్చాడు. మెలే పిన్ని పాలులోనూ ఉన్నాడు. పొరిరువాలో రేపు గోడ మీద నిలబడటానికీ ఉన్నాడు.

అలవాటు కొద్దీ లేచి, చేతులు కడుక్కోవడానికి గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ నుంచి వెనక్కి తిరిగి తెరకేసి చూసింది.

కుప్ప ఎక్కడిదక్కడే ఉంది. ఒక్కటీ తగ్గలేదు.

లెపెకా తడి లేని చేతుల్ని పావడాకి తుడుచుకుని వచ్చి కూర్చుంది. "హీనాకి ఫోన్ కలుపు," అంది కలోలోతో. "వాళ్ళక్కడ ఏం పట్టారో కుప్పలో వెయ్యమను. పంపకం ఇంకా అవలేదు."